చౌడు తేలిన పొలం: ఆ ఉప్పు ఎక్కడిది?

ప్రశ్న: మేము గాజువాకలో ఉంటాము. కోనసీమలో నాన్నగారి పేరిట రెండెకరాల వరి పొలం ఉంది. దగ్గరలోని చమురు బావి నుంచి శుద్ధి చేసిన నీటిని మా పంట బోదెలోకి వదులుతున్నారు. నాలుగేళ్ల క్రితం దాళ్వాలో (రబీ వరి పంటలో) మొదటిసారి నేల తెల్లగా చౌడు తేలింది. అప్పటి నుంచి అక్కడి సిబ్బందికి చెబుతూనే ఉన్నాము. నాన్నగారు దిగులుతో మంచం పట్టారు. సీసాలో నీళ్లు పట్టి నేనే పరీక్ష చేయించాను. ఇప్పుడు జిప్సం వేసి దున్నించి, విశాఖ సివిల్ కోర్టులో నష్టపరిహారానికి దావా వేయవచ్చునా?

జవాబు: మీ నేలలోని ఉప్పు ఆ బోదె నీటిదేనని రుజువు చేయగలరా అన్న ఒక్క అంశం మీదే ఈ కేసు నిలబడుతుంది. రొయ్యల చెరువులు, సముద్రపు పోటు ఉన్న ప్రాంతం కనుక ఎదుటి పక్షం మొదట చూపేది వాటినే. శుద్ధి చేశారన్న మాట విని వెనుకంజ వేయనవసరం లేదు. నూనె తీసినంత మాత్రాన కరిగిన ఉప్పు పోదు, అందులోని సోడియం బంకమట్టిని బిగదీసి నీరు ఇంకనివ్వదు. అందుకే నిబంధనలు ఇలా భూమి మీదికి వదిలే నీటిలో క్లోరైడ్లను లీటరుకు 600 మిల్లీగ్రాములకు పరిమితం చేశాయి.

జిప్సం మాత్రం ఇప్పుడే వేయకండి. అది సోడియాన్ని తొలగిస్తుంది, దానితోపాటు మీ సాక్ష్యాన్నీ తుడిచివేస్తుంది. 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారం అధికారి నోటీసిచ్చి, సీలు వేసి తీసిన నమూనాకు ఉన్న విలువ మీ సీసాకు రాదు.

నాలుగేళ్లుగా నోటిమాటతో సరిపెట్టి ఒక్క అర్జీ అయినా రాయకపోవడం క్షమించరాని అజాగ్రత్త. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు సంబంధించిన 2010 చట్టంలో, పర్యావరణ వివాదాలకు 14వ సెక్షన్ కింద ఉన్న ఆరు నెలల గడువు ఎప్పుడో దాటిపోయింది. పరిహారానికి, భూమి పునరుద్ధరణకు 15వ సెక్షన్ కింద కారణం మొదట ఏర్పడిన నాటి నుంచి అయిదేళ్లు ఉంది. ఆపైన తగిన కారణం చూపితే అరవై రోజులు, అంతకు మించి ఒక్కరోజు కూడా లేదు. ఇలాంటి పరిహార దావాలను సివిల్ కోర్టులు వినరాదన్న 29వ సెక్షన్ అడ్డు కనుక సివిల్ దావా నిలవదు. వెళ్లవలసింది చెన్నైలోని ఆ ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనానికి. పట్టాదారు నాన్నగారు కనుక ఆయన సంతకంతో మీకు అధికార పత్రం రాయించుకోండి.

ఈ వారమే కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇచ్చి, రసీదు తీసుకుని, మీ సమక్షంలో నమూనాలు తీయమని కోరండి. బావికి ఇచ్చిన అనుమతి పత్రం, నీటి పరీక్షల నివేదికల నకళ్లను సమాచార హక్కు చట్టం కింద అడగండి. బోదె పక్క మట్టిని, పొలం నడుమ మట్టిని, ఆ నీరు పారని పొరుగు చేను మట్టిని వ్యవసాయాధికారి ఎదుట పంచనామాతో తీయించండి. ఆ మూడింటి తేడాయే రొయ్యల చెరువుల వాదనకు జవాబు. చౌడు తేలక ముందునాటి భూసార పరీక్ష పత్రం ఇంట్లో ఎక్కడున్నా వెతకండి. జిప్సం ఖర్చును పునరుద్ధరణ కింద ట్రిబ్యునల్ దరఖాస్తులోనే అడగవచ్చు.