సాయంత్రం ఆరింటికి వెళ్లి చూడు

చిరంజీవి రఘుకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు కేర్ హోమ్‌ల ఫోటోలూ, రేట్ల వివరాలూ చూశాను. తోట, గుడి, లిఫ్టు, ఏసీ గదులు అన్నీ బాగానే ఉన్నాయి. కానీ వాటిని చూసి ఏదీ ఖాయం చేసుకోకు. పొద్దుగూకే వేళ మీ అమ్మ గాభరా పడితే పక్కన ఎవరుంటారు, అన్నం ఎవరు తినిపిస్తారు, అర్ధరాత్రి లేచి తలుపు దగ్గరికి వెళ్తే ఎవరు చూస్తారు? నీకు తెలియాల్సింది ఆ మనుషుల సంగతి. నర్సుగా రిటైరైనదాన్ని, మా పెద్దాడపడుచుని మీ అమ్మకున్న ఈ డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బుతోనే హోమ్‌లో పెట్టి చివరిదాకా చూసుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. స్వాతి చేత కూడా చదివించు.

ముందు ఒక మాట. అమ్మని హోమ్‌లో పెడుతున్నాడట అని మనవాళ్లు నలుగురూ నాలుగు మాటలంటారు. అననీ. రాత్రుళ్లు వదిన గొళ్లెం తీసుకుని రోడ్డు మీదికి వెళ్లిపోతుంటే స్వాతి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకుంటోందని నాకు తెలుసు. ఆ మాటలనేవాళ్లెవరూ ఒక్క రాత్రి వచ్చి ఆ చాప మీద పడుకోరు. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన ఒక జాతీయ అధ్యయనం చెప్పింది. అన్ని ఇళ్లలోనూ ఇదే అవస్థ, ఇదే బాధ. నువ్వు తప్పు చేస్తున్నట్టు తలదించుకుని ఆ హోమ్‌లకి వెళ్లకు. అలా వెళ్తే అడగాల్సినవి అడగలేవు.

వెళ్లేముందు ఫోన్‌లోనే ఒకటి తేల్చుకో. మంచాన పడ్డాక కూడా ఉంచుకుంటారా, లేదా? చాలా ఓల్డేజ్ హోమ్‌లు తన పని తాను చేసుకోగలిగినవాళ్లకే చోటిస్తాయి. మతిమరుపు మొదట్లో ఉందని చేర్చుకుంటారు, కొన్నాళ్లకి తిరగడం ఎక్కువైందనో, పక్క తడుపుతున్నారనో తీసుకుపొమ్మంటారు. ఈ జబ్బున్నవాళ్లకి చోటు మారడమే పెద్ద దెబ్బ. అందుకని "ఏ పరిస్థితి వస్తే ఇక మా వల్ల కాదంటారు?" అని సూటిగా అడుగు. "అలాంటి ఇబ్బందేం ఉండదండీ, మేం చూసుకుంటాం" అన్న జవాబు నాకు నచ్చదు. తిండికి ట్యూబ్ వేసినవాళ్లని చూడలేం, చెయ్యి చేసుకునేవాళ్లని చూడలేం అని తమ హద్దు చెప్పేవాళ్లే నయం.

మొదటిసారి వాళ్లు రమ్మన్న టైముకే వెళ్లు. పొద్దున పదకొండింటికి అందరికీ స్నానాలయి, తలలు దువ్వి, హాల్లో టీవీ ముందు కూర్చోబెట్టి ఉంటారు. రెండోసారి మాత్రం చెప్పకుండా సాయంత్రం అయిదున్నరకి వెళ్లి రాత్రి భోజనాలయ్యేదాకా ఉండు. పొద్దువాలేసరికి ఈ జబ్బున్న చాలామందికి కంగారు, అనుమానం, ఏడుపు ఎక్కువవుతాయి. వదినా అంతేగా! ఆ వేళకి చేతిసంచి పట్టుకుని "స్కూలు వదిలేశారు, పిల్లలొచ్చేస్తారు, నేను ఇంటికెళ్లాలి" అని మొదలుపెడుతుంది. చాలా హోమ్‌లలో ఆ తర్వాత కాసేపటికే పగటి డ్యూటీ వాళ్లు దిగిపోతుంటారు, రాత్రి వాళ్లు ఇంకా అందుకోరు. ఏ హోమ్ ఎలాంటిదో ఆ రెండు గంటల్లో తెలిసిపోతుంది.

అక్కడా ఎవరో ఒక పెద్దావిడ ఇంటికెళ్తానని లేస్తుంది. ఆయా ఏం చేస్తుందో చూడు. "ఇదే మీ ఇల్లు, కూర్చోండి" అని భుజం పట్టి కుర్చీలో అదిమిందంటే ఆ చోటు నాకొద్దు. మా ఆడపడుచు ఉన్న హోమ్‌లో ఒక ఆయా ఉండేది, చిన్నపిల్లే. ఒక పెద్దావిడ పిల్లలొచ్చే వేళయిందని గేటు దగ్గర నిలబడి ఏడుస్తుంటే ఆ పిల్ల వెళ్లి, "పిల్లలకి ఏం టిఫిన్ చేస్తారమ్మా?" అనడిగింది. ఉప్మా అంది ఆవిడ. "అయితే కరివేపాకు దూద్దాం రండి" అని చెయ్యి పట్టుకుని వంటింటి వైపు తీసుకెళ్లింది. ఇద్దరూ పీటల మీద కూర్చుని రెబ్బలన్నీ దూశారు. ఆకులు పళ్లెంలో పడుతున్నకొద్దీ ఆవిడ ఏడుపు సర్దుకుంది. కాసేపటికి గేటు సంగతే మర్చిపోయింది. ఆవిడ మాట కాదనలేదు, అబద్ధపు వాగ్దానమూ చెయ్యలేదు, ఆ భయాన్ని మెల్లగా పక్కకి మళ్లించింది. అలాంటి ఆయా ఒక్కతి కనిపించినా, ఎన్నాళ్లుగా పనిచేస్తున్నావమ్మా అని అడుగు. ఆయాలు రెండు మూడు నెలలకే మానేస్తుంటే జీతాలు సరిగ్గా ఇవ్వడం లేదనో, పని మోయలేనంత ఉందనో అర్థం. మేనేజర్ చెప్పని సంగతి అది.

భోజనాల దగ్గర తప్పకుండా నిలబడు. డైనింగ్ హాల్లోనే కాదు, మంచం మీద ఉన్నవాళ్లకి తినిపించే చోట కూడా. వెన్ను నిటారుగా కూర్చోబెట్టారా, ముద్ద మింగి గొంతు కదిలాకే రెండో స్పూను పెడుతున్నారా చూడు. ఒకచోట ఒక్క ఆయా ఇద్దరి మధ్య స్టూలు వేసుకుని, ఒకే స్పూనుతో ఇటొకటి అటొకటి పెట్టడం చూశాను. పావుగంటలో పళ్లేలు ఖాళీ, ఇద్దరికీ దగ్గు. జబ్బు ముదిరేకొద్దీ మింగడం కష్టమవుతుంది, పలచటి నీళ్లకి కూడా పొలమారుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. డిమెన్షియా ఉన్నవాళ్లలో చాలామందిని చివరికి తీసుకుపోయేది అదే. పొలమారేవాళ్లకి ఏం చేస్తారని అడుగు. మెత్తగా చిక్కగా చేసి పెడతాం, తిన్నాక అరగంట పడుకోబెట్టం అనాలి. తినకపోతే ట్యూబ్ వేయిస్తాం అన్నది మొదటి జవాబు కాకూడదు.

వదినకి షుగర్ కూడా ఉంది కాబట్టి ఇంకొకటి. ఇన్సులిన్ ఇచ్చేశాక అన్నం వద్దని నోరు మూసుకుంటే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. "నాకు చెమటలు పడుతున్నాయి" అని చెప్పగలిగే స్థితిలో ఆవిడ లేదు. ఇన్సులిన్ ఎవరిస్తారు, తినకపోతే ఏం చేస్తారు, రాత్రి షుగర్ చూసే మనిషి ఉన్నారా అని స్టాఫ్ నర్సునే అడుగు. రిసెప్షన్ వాళ్లని కాదు.

మందుల విషయంలో నువ్వు గట్టిగా ఉండాలి. గోల చేస్తున్నారని క్వెటియాపిన్, రిస్పెరిడోన్, హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బుల మందులు పెంచి పడుకోబెట్టడం జరుగుతుంటుంది. డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో ఈ రకం మందుల వల్ల ప్రాణాపాయం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనూ, మళ్లీ 2008లోనూ హెచ్చరించింది. పక్షవాతం ముప్పూ ఉంది. అసలు వాడకూడదని కాదు, ఒక్కోసారి తప్పదు. కానీ ఎవరు రాశారు, ఎందుకు, ఎన్నాళ్లకి అన్నది నీకు తెలియాలి. "మా అమ్మకి కొత్త మందు ఏది మొదలుపెట్టినా, డోసు పెంచినా ముందు నాకు ఫోన్ చేయాలి" అని రాతపూర్వకంగా తీసుకో. సాయంత్రం ఏడింటికే హాలంతా తలలు వాల్చి జోగుతుంటే అది ప్రశాంతత అనుకోకు.

అక్కడున్నవాళ్లని కూడా కళ్లతో పరీక్షించు. గోళ్లు, పెదాలు, మడమలు. మణికట్టు దగ్గర కట్టిన గుర్తులున్నాయేమో చూడు. చేతులు మంచానికి కట్టే హోమ్‌లు ఉన్నాయి, నేను చూశాను. ఇప్పుడు ఎంతమందికి పడక పుండ్లున్నాయి, వాళ్లలో ఇక్కడికొచ్చాక వచ్చినవెన్ని అని అడుగు. కదల్లేనివాళ్లని రెండు గంటలకోసారి పక్కకి తిప్పిన చార్ట్ చూపించమను. రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటల గళ్లు అన్నీ ఒకే పెన్నుతో ఒకే వాటంగా నింపి ఉంటే అది పొద్దున్నే కూర్చుని రాసిందే. వాసన సంగతి ఎలాగూ నీకే తెలుస్తుంది. ఫినాయిల్ మరీ ఘాటుగా కొట్టినా అనుమానించాల్సిందే.

బాత్రూముల్లో పట్టుకునే కడ్డీలు, జారని నేల, రాత్రంతా వెలిగే లైటు ఉండాలి. సీసీ కెమెరాలు వరండాల్లో ఉంటే మంచిదే. కానీ కెమెరా ఉందని ధైర్యపడకు, దాన్ని చూసే మనిషి ఉండాలిగా. గేటుకి తాళం తప్పదు, అయితే మంటలొస్తే ఆ తాళం చెవి ఎవరి దగ్గరుంటుందో కనుక్కో.

శామీర్‌పేట వైపు ఉన్నది నీకు బాగా నచ్చినట్టుంది. మియాపూర్ నుంచి అది ఊరికి ఆ చివర. మొదటి నెల ప్రతి ఆదివారం వెళ్తావు, ఆ తర్వాత ట్రాఫిక్ అంటావు. ఆఫీసు నుంచి వస్తూ దార్లో దిగగలిగే చోటే మేలు, గది చిన్నదైనా సరే. మనవాళ్లు ఎప్పుడైనా వచ్చేస్తారని తెలిసిన మంచం దగ్గర డైపర్ టైముకి మారుతుంది. నర్సుగా పనిచేసినదాన్ని, ఊరికే అనడం లేదు. "అలవాటు పడేదాకా ఒక నెల రావద్దు" అనే హోమ్ అయితే వదిలెయ్. రెండు మూడు రోజులంటే సరే.

భాష కూడా చూసుకో. హైదరాబాద్ హోమ్‌లలో ఒడిశా నుంచో జార్ఖండ్ నుంచో వచ్చిన ఆయాలు చాలామంది ఉంటారు, మంచి పిల్లలే, కష్టపడతారు. కానీ ఈ జబ్బులో తర్వాత నేర్చుకున్న భాషలు ముందు జారిపోతాయి. వదిన హిందీ ఎప్పుడూ అంతంతమాత్రమే. కడుపులో నొప్పని ఆవిడ చెప్తే అర్థమయ్యే మనిషి పగలొకరు, రాత్రొకరు ఉండాలి.

ఒంట్లో బాగోకపోతే ఏ హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, రాత్రి వేళ ఎవరు వెంట వెళ్తారు అన్నది కూడా మాట్లాడుకో. హాస్పిటల్ వాళ్లు పేషెంట్‌తో అటెండెంట్ ఉండాల్సిందే అంటారు. నువ్వు చేరేదాకా హోమ్ మనిషి ఉంటారా, దానికి విడిగా డబ్బులా? ఇంకో చిన్న పరీక్ష పెట్టు: "నిన్నటిదాకా తిరుగుతున్నావిడ ఇవాళ మత్తుగా పడుకుంటే ఏమనుకుంటారు?" అని నర్సుని అడుగు. "జబ్బు ముదిరింది" అంటే తెలియదన్నమాట. మూత్రంలో ఇన్ఫెక్షనేమో, ఒంట్లో నీరు తగ్గిందేమో, మందు తేడా చేసిందేమో చూస్తాం అంటే పని తెలిసినవాళ్లు.

డబ్బు లెక్కలో నెల చార్జీ ఒక్కటే చూడకు. డైపర్లు, మందులు, డాక్టర్ విజిట్, ఫిజియోథెరపీ, విడిగా ఆయా... ఏవి కలిపి, ఏవి బయట అన్నది కాగితం మీద ఉండాలి. డిపాజిట్ ఎన్నాళ్లకి తిరిగిస్తారో కూడా. రెండు వారాలు ట్రయల్‌గా ఉంచుకుంటారేమో అడుగు. బ్యాంకు పనులకి వదినతో ఇప్పుడు హడావిడిగా పవర్ ఆఫ్ అటార్నీ రాయించకు. అర్థం చేసుకునే శక్తి లేనివాళ్లు చేసిన సంతకం చెల్లదు, ముందు ఎప్పుడో రాసిచ్చిన మామూలు పవర్ కూడా మతి స్థిమితం పోయాక నిలవదు. లాయర్‌ని కలువు.

ఏ హోమ్ ఎలాంటిదో అక్కడ తమవాళ్లని పెట్టినవాళ్లే నిజం చెప్తారు. గేటు బయట నిలబడి, చూడ్డానికి వచ్చినవాళ్లని పలకరించు. 1992 నుంచి పనిచేస్తున్న ఏఆర్‌డీఎస్‌ఐ అనే అల్జీమర్స్ సంస్థకి హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది, వాళ్లని అడిగితే నీలాంటి కుటుంబాలతో పరిచయమవుతుంది. రేపు ఏ హోమ్‌తోనైనా పేచీ వస్తే పెద్దవాళ్ల కోసం పెట్టిన 14567 ఎల్డర్‌లైన్‌కి ఫోన్ చెయ్యి.

చేర్చే రోజున వదిన చేతికున్న బంగారు గాజులు తీసి గిల్టు గాజులు వెయ్యి. బోసి చేతులతో పంపకు, చేతులు చూసుకుని వెతుక్కుంటుంది. ఆవిడ స్టీలు గ్లాసు, దుప్పటి, మీ నాన్న ఫోటో పంపు. ఒక కాగితం మీద నాలుగు ముక్కలు పెద్దక్షరాలతో రాసి మంచం పక్కన అంటించు: "టీచర్ గారూ" అని పిలిస్తే పలుకుతుందని, తల మీద నీళ్లు కుమ్మరిస్తే భయపడుతుందని, కాఫీ వేడిగా లేకపోతే తాగదని, ఎడమ మోకాలు నొప్పని. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన పిల్లకి ఆ కాగితమే దిక్కు.

వచ్చే శనివారం నేను తెనాలి నుంచి బయల్దేరి వస్తాను. సాయంత్రం మనిద్దరం కలిసి వెళ్దాం, నువ్వు మేనేజర్‌తో మాట్లాడుతూ ఉండు, నేను వార్డులోకి వెళ్తాను. ఈలోగా అగ్రిమెంట్ కాగితాలు ప్రతి పేజీ ఫోటో తీసి పంపు. నేను చదివేదాకా సంతకం పెట్టకు, అడ్వాన్స్ కట్టకు.

మీ అత్తయ్య