నల్లరాయి మన దగ్గర ఉంది, నీళ్లే కావాలి

గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగి భూమిలో రాయిగా మారుస్తారట, మళ్లీ బయటికి రాదా, మహారాష్ట్రలోని మన నాందేడ్ జిల్లాలో కుదురుతుందా అని అడిగారు. మాది ధర్మాబాద్. ఇరవై ఏళ్లకు పైగా బోరు బండి మీదే ఉన్నాను. రాయి సంగతి చెప్పగలను.

రాయి అవుతుంది. నాందేడ్ అవతల మా మేనమామ బావి తవ్వించినప్పుడు నల్లరాయి బొర్రల్లో తెల్లటి పలుకులు దొరికాయి. ఒకటి ఇంటికి తెచ్చి, దంచి పొడి చేసి, దాని మీద నిమ్మకాయ పిండాను. సన్నగా నురగ వచ్చింది. అన్ని పలుకులూ అలా పొంగవు. పొంగిందంటే అందులో కాల్సైట్, అంటే కార్బన్ డయాక్సైడ్ కాల్షియంతో కలిసి గట్టిపడిన ఖనిజం, ఉన్నట్టు. ఆ నురగ కార్బన్ డయాక్సైడే! నేను నిమ్మరసం పోసేదాకా ఎన్ని యుగాల నుంచి ఆ రాయిలో కదలకుండా ఉందో.

ఐస్‌లాండ్‌లో ఇదే పని కావాలని చేస్తున్నారు. క్లైమ్‌వర్క్స్ అనే కంపెనీ వాళ్లు పెద్ద ఫ్యాన్లతో గాలిని లాగి, ఫిల్టర్లకు అంటుకున్న వాయువును 100 డిగ్రీల దాకా వేడి చేసి విడదీస్తారు. కార్బ్‌ఫిక్స్ అనే ఇంకో కంపెనీ వాళ్లు దాన్ని నీళ్లలో కలిపి, సోడాలా చేసి బోర్లలోంచి నల్లరాయిలోకి దింపుతారు. రాయిలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేసుకుంటాయి. 2012లో ప్రయోగంగా దింపినదాంట్లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయి అయిందని 2016లో ప్రకటించారు.

మన దక్కన్ నల్లరాయి కూడా అదే జాతి, బసాల్ట్. కానీ జిల్లా అంతా ఒకటి కాదు. తూర్పున దెగ్లూర్, బిలోలి వైపు గ్రానైట్ తగులుతుంది, దాంట్లో ఈ పని అంత బాగా జరగదు.

అసలు చిక్కు నీళ్లు. ఈ పద్ధతిలో ఒక టన్ను వాయువుకు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. 2016లో పక్కనున్న లాతూర్‌కు రైల్లో తాగునీళ్లు తెచ్చారు, మర్చిపోలేదు కదా? ఎండాకాలం 600 అడుగులు దింపినా దుమ్మే వచ్చిన బోర్లు నేను ఎన్నో చూశాను. ఆ రైతు ముఖం చూడలేక పక్కకు తిరిగేవాణ్ని.

ఇంకొకటి, కరెంటు. ఐస్‌లాండ్‌లో భూగర్భ వేడి ఉంది. ఇక్కడ బొగ్గు కరెంటుతో ఫ్యాన్లు తిప్పితే ఏం లాభం? 2024లో ఐస్‌లాండ్‌లో మొదలైన క్లైమ్‌వర్క్స్ వాళ్ల మామత్ ప్లాంటు పూర్తిగా నడిస్తే ఏడాదికి 36,000 టన్నులు తీయాలి. బల్లార్షా లైన్లో వెళ్లే బొగ్గు రైళ్లు ఆరేడు కాలిస్తే అంత వాయువూ వచ్చేస్తుంది. గాలిలో అది పదివేల పాళ్లకు నాలుగు పాళ్లే, చంద్రపూర్ బొగ్గు కరెంటు కేంద్రం పొగగొట్టంలో నూటికి పన్నెండు దాకా ఉంటుంది. నన్నడిగితే ముందు అక్కడే పట్టాలి.

ఎవరైనా ఈ పనికి మీ పొలం అడగడానికి వస్తే, నీళ్లు ఏ బోరు నుంచి తోడతారో రాసిమ్మనండి.