స్మాల్‌మౌత్‌కు వెళ్లాలా, లార్జ్‌మౌత్‌కు వెళ్లాలా?

ప్రశ్న: కాకినాడ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఈ మధ్యే డెట్రాయిట్ శివార్లలో ఉద్యోగంలో చేరాను. ఊళ్లో కాలువ గట్టున గాలం వేసిన అలవాటు ఉంది. ఇక్కడ ఆఫీసులో ఒకరు స్మాల్‌మౌత్ బాస్ అనే చేపను పట్టమంటారు, ఇంకొకరు లార్జ్‌మౌత్ బాస్ అంటారు. దేనితో మొదలుపెట్టాలి? పులుసుకు ఏది బాగుంటుంది?

జవాబు: చేప సంగతి తర్వాత, ముందు మీ ఇంటికి దగ్గరలో ఏ నీరు ఉందో చూసుకోండి. నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు మనవాళ్లు స్థిరపడిన ఊళ్ల చుట్టూ చిన్న చిన్న సరస్సులు, చెరువులు బోలెడు. వాటిలో లోతు తక్కువ, నాచు ఎక్కువ, వేసవిలో నీరు బాగా వేడెక్కుతుంది. అది లార్జ్‌మౌత్ ఇల్లు. తూర్పుగా గంట దూరం కారులో వెళ్తే లేక్ సెయింట్ క్లెయిర్ వస్తుంది. స్మాల్‌మౌత్‌కు అమెరికా అంతటా పేరున్న నీళ్లలో అదొకటి. ఆఫీసు అయ్యాక ఒక గంట తీరిక దొరికే మనిషికి ఇంటి పక్క చెరువే సరైనది. అందుకే మొదటి వేసవి లార్జ్‌మౌత్‌తో గడపండి. చేయి కుదిరాక స్మాల్‌మౌత్ దగ్గరకు వెళ్లండి. పులుసు విషయంలో మాత్రం మీరు ఊహించని జవాబు చెప్పబోతున్నాను.

రెండూ ఒకే కుటుంబం. పేరులో బాస్ ఉన్నా, ఇవి అసలు బాస్ చేపలు కావు, ఇక్కడి చెరువుల్లో పిల్లలు పట్టే బ్లూగిల్‌కు దగ్గరి చుట్టాలు. చేతిలోకి వచ్చాక గుర్తుపట్టడానికి నోరు చూడండి. నోరు మూసినప్పుడు పైదవడ చివర కన్ను దాటి వెనక్కి పోతే లార్జ్‌మౌత్, కన్ను దాటకపోతే స్మాల్‌మౌత్. లార్జ్‌మౌత్ ఆకుపచ్చగా ఉండి, పక్కన తల నుంచి తోక దాకా నల్లటి చార సాగుతుంది. స్మాల్‌మౌత్ కంచు రంగులో ఉంటుంది, చారలు నిలువుగా ఉంటాయి, కన్ను తరచు ఎర్రగా కనిపిస్తుంది. నీటిని బట్టి రంగులు మారుతుంటాయి కాబట్టి దవడనే నమ్మండి.

ఊళ్లో కొర్రమీనుకు కప్పను ఎరగా వేసిన అనుభవం మీకుంటే లార్జ్‌మౌత్ సగం అర్థమైనట్టే. ఇదీ దాక్కుని వేటాడే చేప. తామరాకుల కింద, నాచు అంచున, పడిపోయిన చెట్టు కొమ్మల మధ్య, పడవలు కట్టే చెక్క వంతెనల నీడలో కదలకుండా ఉండి, ఎర తన ముందుకు రాగానే నోరు తెరిచి లోపలికి పీల్చుకుంటుంది. కాబట్టి నడి చెరువులోకి ఎంత దూరం విసిరారన్నది లెక్కలోకి రాదు, ఆకుల అంచుకు ఎంత దగ్గరగా వేశారన్నదే ముఖ్యం. రబ్బరు కప్పను తామరాకుల మీదుగా మెల్లగా లాగడం ఇక్కడి వాళ్లకు మహా ఇష్టం. నీరు ఒక్కసారి పగిలినట్టు శబ్దం రాగానే కంగారుగా కర్ర ఎత్తేస్తే కప్ప ఖాళీగా వెనక్కి వస్తుంది. దారం బిగిసి, బరువు చేతికి తెలిశాకే లాగాలి. తొలి రోజుల్లో కప్ప కన్నా మెత్తటి ప్లాస్టిక్ పురుగు మేలు. దాని నడుముకు కొక్కెం గుచ్చి, సీసం లేకుండా వదిలితే రెండు చివరలూ వణుకుతూ నెమ్మదిగా దిగుతుంది. మీరు చేయవలసింది ఓపిక పట్టడమే. మన కుర్రాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. పురుగు అడుగుకు చేరకముందే చుట్టేసి మళ్లీ విసురుతారు.

స్మాల్‌మౌత్ కథ వేరు. దానికి చల్లటి, తేటైన నీరు కావాలి, అడుగున రాయి, గులకరాయి కావాలి. నదిలో అయితే ప్రవాహం ఉండాలి. ఒకచోట కూర్చోదు, తిరుగుతూ తింటుంది. నేడు సెయింట్ క్లెయిర్ నీరు ఇంత తేటగా ఉండటానికి కారణం కొంత విచిత్రం. 1988లో ఆ సరస్సులో జీబ్రా మజిల్ అనే చిన్న గుల్ల జీవిని మొదటిసారి గుర్తించారు. యూరప్ వైపు నుంచి వచ్చిన ఓడల్లో బరువు కోసం నింపిన నీటితో పాటు దిగిందది. అడుగంతా పరుచుకుని నీటిని వడకట్టేసింది. 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో రౌండ్ గోబీ అనే మరో విదేశీ చేప కనబడింది. అది గుల్లల్ని తింటుంది, స్మాల్‌మౌత్ దాన్ని తింటుంది. సరస్సుకు ఈ రెండు జీవులూ తెచ్చిన నష్టం పెద్దదే, కానీ స్మాల్‌మౌత్ మాత్రం బలిసింది. అందుకే అక్కడ గోబీలా కనిపించే ట్యూబు ఎరను అడుగున రాళ్లకు తగిలేలా ఈడుస్తారు. ఆ ఎర రంగులు, గోధుమ, ఆకుపచ్చ కలగలుపులు, దుకాణాల్లో కనిపించేవన్నీ ఆ గోబీని చూసి చేసినవే.

సెయింట్ క్లెయిర్ విస్తీర్ణం దాదాపు 430 చదరపు మైళ్లు, సగటు లోతు మాత్రం 11 అడుగులే. లోతు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. అటువంటి నీటిలో గాలి వీస్తే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. చిన్న పడవలో వెళ్లేవాళ్లు ముందురోజే గాలి సూచన చూసుకోవాలి. పడవ లేకపోతే హారిసన్ టౌన్‌షిప్‌లోని లేక్ సెయింట్ క్లెయిర్ మెట్రోపార్క్ ఒడ్డు నుంచే వేయవచ్చు. పడవ ఎక్కితే ఒక జాగ్రత్త. సరస్సు నడిమధ్య కెనడా సరిహద్దు ఉంది. అవతల గాలం వేయాలంటే అంటారియో లైసెన్సు ఉండాలి. ఒడ్డు దిగితే దేశం దాటినట్టే. మన వీసాలతో ఆ తలనొప్పి ఎవరికి కావాలి?

పోరాటంలో ఏది గొప్ప అని అడిగితే నా ఓటు స్మాల్‌మౌత్‌కే. ఒకే బరువున్న రెండింటిలో లార్జ్‌మౌత్ ఒక్క గుంజు గుంజి నాచులో దూరుతుంది, స్మాల్‌మౌత్ గాలిలోకి ఎగిరి, కిందికి దూకి, పడవ పక్కకు వచ్చాక కూడా మళ్లీ పరుగు తీస్తుంది. బరువు పిచ్చి ఉన్నవాళ్లకు లార్జ్‌మౌత్. 1932లో జార్జియా రాష్ట్రంలో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప ఇప్పటికీ ప్రపంచ రికార్డు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దొరికినది దానితో సమానంగా నిలిచింది. స్మాల్‌మౌత్ రికార్డు 1955లో కెంటకీ, టెన్నెసీ సరిహద్దులోని డేల్ హాలో సరస్సులో దొరికిన 11 పౌండ్ల 15 ఔన్సులు.

సామాను మీద డబ్బు తగలేయకండి. ఏడడుగుల లోపు, మధ్యరకం బిగువున్న స్పిన్నింగ్ కర్ర (దారం చుట్టే రీలు కింద వేలాడేది) ఒకటి, 8 లేదా 10 పౌండ్ల బరువు ఆపే దారం, రెండు రకాల ఎరలు చాలు, రెండు చేపలకూ సరిపోతాయి. కప్ప ఎర మీద మనసు పడితే గట్టి కర్ర, మందపాటి అల్లిక దారం విడిగా కావాలి. లేకపోతే చేపతో పాటు ఆకులన్నీ పైకి వస్తాయి, దారం తెగుతుంది.

ఇక చట్టం. ఊళ్లో కాలువ దగ్గర ఎవరూ మనల్ని లైసెన్సు అడగలేదు. ఇక్కడ అడుగుతారు. మిషిగన్‌లో 17 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ చేపల లైసెన్సు ఉండాలి. రాష్ట్ర నివాసికి బయటివాళ్ల కంటే చాలా తక్కువ ధర, కాబట్టి మిషిగన్ డ్రైవింగ్ లైసెన్సు వచ్చాకే కొనండి. పిల్లలకు అక్కర్లేదు గానీ, పక్కన ఉండి వాళ్లకు గాలం వేసి పెట్టే పెద్దలకు అవసరం. ఊరి నుంచి వచ్చిన నాన్నగారు సరదాగా కర్ర పట్టుకున్నా అంతే. ఆయనకు ఒక్కరోజు లైసెన్సు తీసుకోండి. లేదంటే ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ జూన్‌లోనూ, లైసెన్సు లేకుండా పట్టుకోనిచ్చే వారాంతాలు వస్తాయి, అప్పుడు తీసుకెళ్లండి.

బాస్‌ను పట్టి వెంటనే వదిలేయడానికి ఏడాదంతా అనుమతి ఉంది. ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం ఎక్కువ చోట్ల మే నెలాఖరులో, మెమోరియల్ డే ముందరి శనివారం నుంచి. సెయింట్ క్లెయిర్‌లో జూన్ మూడో శనివారం దాకా ఆగాలి. పొడవు 14 అంగుళాలకు తగ్గకూడదు, రెండు రకాలూ కలిపి రోజుకు ఐదు మించకూడదు. ఈ ఆలస్యానికి కారణం ఉంది. వసంతంలో నీరు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుండగా మగ చేప ఒడ్డు దగ్గర గుంట చేసి గుడ్లకు కాపలా కాస్తుంది. దాన్ని ఎక్కువసేపు పైకి తీసి ఫోటోలు దిగుతుంటే గోబీలు, బ్లూగిల్‌లు గుడ్లు తినేస్తాయి. కొర్రమీను పిల్లల్ని కాయడం మీరు చూసే ఉంటారు, అప్పుడు దాని జోలికి పోవద్దని మీ తాతగారు చెప్పి ఉంటారు కూడా. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ప్రతి ఏటా రాష్ట్ర సహజ వనరుల శాఖ ఇచ్చే పుస్తకం ఒకసారి తిరగేయండి.

ఇప్పుడు పులుసు. రెండూ తినదగిన తెల్లటి కండ చేపలే. స్మాల్‌మౌత్ కండ కాస్త గట్టిగా ఉంటుంది, ముక్క చెదరదు. అయినా ఈ రెండింటినీ వదిలేయమనే చెబుతాను. ఇవి ఇతర చేపల్ని తిని ఏళ్ల తరబడి పెరుగుతాయి, పెద్దవాటి ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. ఎంత ఉడికించినా అది పోదు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. పైగా నోవై వాళ్లందరూ మొదట వెళ్లే కెన్సింగ్టన్ పార్కులోని కెంట్ లేక్ హ్యూరాన్ నది మీదే ఉంది. ఆ నదిలో పీఎఫ్ఓఎస్ అనే పారిశ్రామిక రసాయనం చేపల్లో చేరిందని తేలి, 2018లో కెంట్ లేక్‌తో సహా అక్కడి చేపలు అసలు తినవద్దని రాష్ట్రం ప్రకటించింది. వండబోయే ముందు మిషిగన్ ఆరోగ్య శాఖ ప్రచురించే చేపల మార్గదర్శినిలో మీ సరస్సు పేరు, చేప పేరు చూసుకోండి. అందులో అనుమతి ఉన్న సరస్సు నుంచి బ్లూగిల్ గానీ, పసుపు రంగు పెర్చ్ గానీ తెచ్చుకుంటే ముల్లు తీసి వేపుడు చేసుకోవచ్చు. పులుసే కావాలంటే వాలై (walleye) అనే ఇక్కడి చేప ముక్కలు చింతపండుకు బాగా నిలుస్తాయి, దానికీ ముందు ఆ మార్గదర్శిని చూసుకోండి. కొర్రమీనే తినాలన్న బెంగ పుడితే ఆసియా దుకాణాల్లో గడ్డకట్టించినది అడగండి. బతికున్నదాన్ని ఈ దేశంలోకి తేవడం 2002 నుంచి నిషేధం.

చేపల లైసెన్సు గడువు ఏటా మార్చి 31తో ముగుస్తుంది. మీరు శీతాకాలంలో ఈ జవాబు చదువుతుంటే ఇప్పుడే కొనకండి, మార్చి వచ్చాక కొత్తది తీసుకోండి.