సర్వర్‌కి ఏ ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) వేయించాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది తెనాలిలో మందుల హోల్‌సేల్ అండి. బిల్లింగ్‌కి, స్టాక్‌కి కలిపి 14 సిస్టమ్స్ ఉన్నాయి, అన్నీ ఒకే సర్వర్‌కి కనెక్ట్ అయి ఉంటాయి. అందులో సెంటోస్ 7 అనే లినక్స్ ఓఎస్, లెక్కలన్నీ దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 ఉన్నాయని మా సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయి చెప్పాడు. అవి పాతబడిపోయాయి, మార్చాలంటున్నారు. ఒకరేమో విండోస్ సర్వర్ కొనమంటారు, ఇంకొకరు అదే క్రాక్ వేసిస్తా ఖర్చుండదంటారు, ఆ సాఫ్ట్‌వేర్ అబ్బాయేమో ఉబుంటు అనే ఇంకో లినక్స్ కూడా చూద్దామంటున్నాడు. తక్కువ ఖర్చులో ఏది మంచిది? బాగానే నడుస్తోంది కదా, అలాగే ఉంచేస్తే ఏమవుద్ది?

జవాబు: అలాగే ఉంచొద్దండి. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో అప్‌డేట్స్ ఆగిపోయాయి, పోస్ట్‌గ్రెస్ 9.6కి అయితే 2021 నవంబర్‌లోనే ఆగిపోయాయి. అంటే ఇప్పుడు వాటిలో ఏదైనా కొత్త లోపం బయటపడితే తయారుచేసినవాళ్ళు ఇక సరిచేయరు. 14 సిస్టమ్స్‌లో ఏ ఒక్కదాన్నుంచైనా వైరస్ ఆ సర్వర్ దాకా వెళ్ళిందంటే మీ పార్టీల బాకీలు, బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ లెక్కలు అన్నీ ఒకేసారి పోతాయి.

క్రాక్ సంగతి ముందే చెప్పేస్తా, అది వేయించొద్దు. లైసెన్స్ ఇబ్బంది ఒకటైతే, ఆ క్రాక్ ఫైల్‌లో ఇంకేం కలిపి ఇచ్చారో మనకి తెలీదు, అలాంటిది తెచ్చి మొత్తం లెక్కలుండే మెషీన్‌లోనే పెట్టుకుంటామా?

విండోస్ సర్వర్ చెడ్డదేం కాదు. కానీ దాని స్టాండర్డ్ ఎడిషన్ లైసెన్స్ ప్రాసెసర్‌లోని కోర్‌ల లెక్కన ఉంటుంది, మీ మెషీన్‌లో 8 కోర్‌లే ఉన్నా కనీసం 16కి కట్టాలి, దానిపైన వాడే మనిషికో సిస్టమ్‌కో ఒక్కో కాల్ (యాక్సెస్ లైసెన్స్) కొనాలి, కోట్ చూసి మీరు కంగారు పడ్డారంటే కారణం అదే. మీ సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ వాళ్ళ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదో, విండోస్‌లో మాత్రమే నడిచే ఇంకేదో దానిమీదో ఆధారపడి ఉంటే తప్పదు కొనండి అనేవాణ్ణి. మీది పోస్ట్‌గ్రెస్, ఇన్నాళ్ళూ లినక్స్ మీదే నడిచింది, ఇప్పుడు అంత డబ్బు పెట్టి మారాల్సిన పనేంటి?

నా సలహా ఆల్మాలినక్స్ 9. సెంటోస్ అంటే రెడ్‌హ్యాట్ కంపెనీ అమ్మే ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌కి ఫ్రీ కాపీ లాంటిది, 2020 డిసెంబర్‌లో రెడ్‌హ్యాట్ వాళ్ళు ఆ పద్ధతి ఆపేస్తున్నామని ప్రకటించాక ఆ ఖాళీలోకి వచ్చినవే ఆల్మా, రాకీ. రెండూ ఫ్రీనే, రెండిట్లోనూ వెర్షన్ 9కి 2032 మే వరకు సెక్యూరిటీ అప్‌డేట్స్ ఉంటాయి. ఉబుంటు 24.04 కూడా మంచిదే, దానికి ఫ్రీగా 2029 వరకు వస్తాయి. కానీ మీ సాఫ్ట్‌వేర్ అబ్బాయికి చేయి తిరిగింది సెంటోస్‌లో కదా, కమాండ్లు, ఫైళ్ళు ఉండే చోట్లు ఆల్మాలో దాదాపు అవే, రాత్రి తొమ్మిదింటికి బిల్లింగ్ ఆగిపోతే ఫోన్ చేసినప్పుడు అతను వెతుక్కోకుండా సరిచేయగలగాలి, చిన్న వ్యాపారానికి ఓఎస్ ధర కన్నా ఇదే ముఖ్యమని గట్టిగా నమ్ముతాను. ఆల్మా 10 కూడా 2025లో వచ్చింది గానీ మీ పాత మెషీన్ ప్రాసెసర్‌ని బట్టి మామూలు బిల్డ్ ఎక్కకపోవచ్చు, 9 చాలు.

ఇక మార్చే పని, అసలు జాగ్రత్త ఇక్కడే. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ చేయనివ్వకండి. కొత్త ఎస్‌ఎస్‌డీ కొని దానిమీద ఫ్రెష్‌గా వేయించి, పాత డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. ఆల్మా 9 మామూలుగా పోస్ట్‌గ్రెస్ 13 వేసేస్తుంది, దానికీ 2025 నవంబర్‌తో టైం అయిపోయింది, కాబట్టి 16 గానీ 17 గానీ అడిగి వేయించండి. డేటా ఫోల్డర్‌ని యథాతథంగా కాపీ చేస్తే కొత్త వెర్షన్ దాన్ని తెరవదు, పీజీ డంప్ అనే టూల్‌తో డేటా మొత్తం ఒక ఫైల్‌గా (డంప్) తీసి కొత్తదాంట్లో రీస్టోర్ చేయాల్సిందే, ఆ డంప్ కూడా కొత్త వెర్షన్‌తో వచ్చే పీజీ డంప్‌తో తీయాలి. ఇంకోటి, పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పాస్‌వర్డ్‌లు దాచే పద్ధతి మామూలుగా స్క్రామ్ అనే కొత్తది అయింది, మీ 14 సిస్టమ్స్‌లో డేటాబేస్‌కి కనెక్ట్ చేసే ఓడీబీసీ డ్రైవర్ ఉండి అది పాతదైతే సర్వర్ అంతా బాగున్నా లాగిన్ మాత్రం అవ్వదు, అందుకని ఒక ఆదివారం ముందే రెండు సిస్టమ్స్‌తో కనెక్ట్ చేసి బిల్ కొట్టి చూడమనండి.

లైసెన్స్‌కి పెట్టే డబ్బు మిగిలింది కదా, అది ఖర్చు పెట్టేయండి, మంచి యూపీఎస్ కొనండి, రెండు డిస్క్‌లు పెట్టి రెయిడ్ 1 (రెండిట్లోనూ ఒకే డేటా రాసే పద్ధతి) చేయించండి. కరెంట్ పోయినప్పుడు రాసే డేటా పోకుండా కెపాసిటర్లు ఉండే సర్వర్ ఎస్‌ఎస్‌డీ దొరికితే అదే తీసుకోండి, మామూలు వాటిలో చాలావాటికి ఆ రక్షణ ఉండదు. స్పీడ్ కోసమని ఎఫ్‌సింక్ (డేటా డిస్క్ మీద నిజంగా రాసేదాకా ఆగే సెట్టింగ్) ఆఫ్ చేస్తానంటే ఒప్పుకోకండి, కరెంట్ పోయిన మర్నాడు డేటాబేస్ తెరుచుకోకపోవచ్చు. రోజూ రాత్రి డంప్, దాని కాపీ షాపులో కాకుండా ఇంకో చోట, నెలకోసారి ఆ డంప్‌ని వేరే సిస్టమ్‌లో రీస్టోర్ చేసి చూడటం. సర్వర్‌కి బయట ఇంటర్నెట్ నుంచి పోస్ట్‌గ్రెస్ వాడే 5432 పోర్ట్ తెరిచి ఉంచకూడదు, ఇంటి నుంచి చూడాలనుకుంటే వీపీఎన్ పెట్టించుకోండి.

ప్రశ్న: నిజామాబాద్ దగ్గర మాకు చిన్న రైస్ మిల్లు ఉంది. మూడు కంప్యూటర్లు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద నడిచే చిన్న సాఫ్ట్‌వేర్. మూలకి పడున్న పాత 4 జీబీ డెస్క్‌టాప్‌ని సర్వర్ చేసుకోవచ్చా?

జవాబు: చేసుకోవచ్చండి, ముగ్గురికి 4 జీబీ సరిపోతది. డెబియన్ 13 (ఇదీ ఫ్రీ లినక్సే) వేయించండి, డెస్క్‌టాప్ స్క్రీన్ లేకుండా ఒట్టి సర్వర్‌లా. ముందు ప్రాసెసర్ 64 బిట్టేనా చూస్కోండి, డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు. డెబియన్‌తో వచ్చేది మైఎస్‌క్యూఎల్ కాదు, దాన్నుంచే పుట్టిన మరియాడీబీ, చాలా సాఫ్ట్‌వేర్లు దాంతో మామూలుగానే నడుస్తాయి గానీ మీది రాసినవాళ్ళని ఒక మాట అడగండి. ఆ పాత హార్డ్ డిస్క్ మాత్రం వాడకండి, చిన్నదైనా సరే కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించి, మిల్లు దుమ్ము తగలని గదిలో పెట్టండి.