అమ్మడికి, బడి సంగతి

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ దీవెనలు.

మీ బడి విద్యా కమిటీకి నువ్వు చైర్‌పర్సన్‌ అయ్యావని, మూడు, నాలుగు, ఐదు తరగతులను పక్క ఊరి బడిలో కలిపితే ఊరుకోనని సభలో లేచి చెప్పావని మీ అమ్మ ఫోను చేసింది. జవాబు తెలిసినా చేయి ఎత్తని పిల్లవి నువ్వు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం భయం.

మామూలు పనులు ఎవరైనా చెబుతారు. ఎంఈవోకు ఇచ్చే ప్రతి అర్జీకీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకో. జూన్‌లో బడి తెరవకముందే ప్రైవేటు వ్యాను ఎక్కే పిల్లల ఇళ్లకు వెళ్లు.

నేను చెప్పవలసింది తీర్మానాల పుస్తకం గురించి. 2022లో మన ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చి, కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు మూడో తరగతి నుంచి పిల్లలను తరలించిన రోజులు గుర్తున్నాయి కదా. అప్పటికి నేను రిటైరై ఇంటి పట్టునే ఉన్నాను. మా ఊరి కమిటీ చైర్మన్‌ది మా వీధే. పొలం పని మానుకుని బడి కోసం తిరిగిన మనిషి. ఒక సాయంత్రం మీటింగు అయ్యాక పుస్తకం తెచ్చి హాజరు సంతకాలు పెట్టమన్నారట. పేజీ పైన తేదీ ఒక్కటే ఉంది. కింద వరసగా సంతకాలు, వేలిముద్రలు పడ్డాయి. మధ్యలో అంత ఖాళీ ఎందుకని ఒక్కరూ అడగలేదు.

తరవాత ఊరంతా కలిసి ఆఫీసుకు వెళితే అదే పేజీ తెరిచి ఆయన వైపు తిప్పారు. తల్లిదండ్రులందరూ ఇష్టపూర్వకంగా సమ్మతించారని అందులో ఉంది. సంతకాలు నల్ల సిరాతో, తీర్మానం నీలం సిరాతో. చోటు చాలక చివరి వాక్యం సంతకాల మధ్యకు దిగింది. ఆయన ఆ పేజీని ఫోనులో ఫోటో తీసి తెచ్చి నాకు చూపించి, “చదువుకున్నవాణ్ణే కదా టీచరమ్మా, చదవకుండా ఎలా పెట్టాను?” అన్నాడు. ఏమని ఓదార్చను? పెద్ద తరగతులు వెళ్లిపోయాయి. అక్కల చేయి పట్టుకుని వచ్చే ఒకటో తరగతి పిల్లలను ఒంటరిగా పంపలేక తల్లులు వ్యాను ఎక్కించారు. ఆ బడిని మూసెయ్యమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. పిల్లలు లేక అదే మూతపడింది.

అందుకే అమ్మడూ, సంతకానికి ముందు ప్రతి అక్షరం చదువు. ఖాళీ ఉంటే అడ్డగీత కొట్టు. వేలిముద్ర వేసే తల్లులకు పైకి చదివి వినిపించు. “ఆలోచించి చెబుతాం” అని కూడా రాయనివ్వకు. రేపు దాన్నే ఒప్పుకోలు అంటారు. సమ్మతి లేదని, ఎందుకు లేదో మీ మాటల్లోనే రాయించు.

నీ మీద కోపం కూడా ఉంది. హెడ్‌మాస్టరును అందరి ముందు నిలదీశావట. ఆయన ఉద్యోగి, పైనుంచి వచ్చిన కాగితం చదివి వినిపించక తప్పదు. వెళ్లి మంచిగా మాట్లాడు, హాజరుపట్టీ నీకు చూపించాల్సింది ఆయనే. ధర్నా అంటూ పిల్లలను ఎండలో రోడ్డు మీద కూర్చోబెట్టావో, నేనే వచ్చి లేపుతాను.

అవతలివారి మాటలో న్యాయం ఉన్నచోట ఒప్పుకో. ఒకే టీచరు ఐదు తరగతులు చూడటం చదువు కాదు. రెండో తరగతికి ఎక్కాలు రాయమని చెప్పి ఐదో తరగతికి భిన్నాలు చెప్పినదాన్ని, ఆ కష్టం నాకు తెలుసు. దానికి మందు పిల్లలను తరలించడం కాదు, రెండో టీచరును ఇవ్వడం. ప్రాథమిక బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యా హక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. 2025లో జీవో 117 రద్దయింది కదా అని ఎవరైనా అంటే నిమ్మళించకు. చుట్టుపక్కల బడుల తరగతులను ఒకచోట చేర్చే మోడల్ ప్రైమరీ స్కూలు పేరుతోనూ తరగతులు కదులుతాయి.

నన్ను అన్నిటికన్నా భయపెడుతున్నది పక్క ఊరి బడికి వెళ్లే ఆ దారి. కాలువ గట్టు మీద నడిచి, లారీలు తిరిగే రోడ్డు దాటాలట. ఎనిమిదేళ్ల పిల్లకు లారీ ఎంత వేగంగా వస్తోందో అంచనా ఉండదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ చివరి పిల్లను రోడ్డు దాటించాకే నేను ఇంటి దారి పట్టేదాన్ని. ఐదో తరగతి వరకు కిలోమీటరు లోపే బడి ఉండాలని ఆ విద్యా హక్కు చట్టం కింద వచ్చిన 2010 కేంద్ర నమూనా నియమాలు చెబుతాయి. దారిలో పిల్లలకు ప్రమాదం ఉంటే ఆ దూరాన్ని ఇంకా తగ్గించమని కూడా అందులోనే ఉంది. మ్యాపులో కొలత నమ్మకు. ఇద్దరు తల్లులను వెంటబెట్టుకుని బడి వేళకు ఆ దారిన నడిచి, రోడ్డు దాటే చోట ఫోటోలు తీయించు.

తీర్మానం చిత్తుప్రతి రాసి మీటింగుకు ముందే నాకు పంపు, దిద్ది పంపుతాను. అందులో మొదట దారి సంగతి, తరవాత టీచరు సంగతి రాయి. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ