కేసు అవుతుందేమో అన్నప్పుడు పిల్లాణ్ణి బంధువుల ఊరికి పంపొచ్చా?

మీరు అడిగింది ఇదీ: చెన్నై అంబత్తూరులో ఉంటున్నారు, బాబుకు పదిహేనేళ్లు. స్నేహితులతో కలిసి ఒక ఫోన్ దొంగతనంలో ఇరుక్కున్నాడు. పోలీసులు పిలిచి మాట్లాడి, "మళ్లీ కబురు చేస్తాం" అని పంపేశారు. ఎఫ్ఐఆర్ లేదంటున్నారు. ఆ స్నేహాలకు దూరంగా ఒంగోలులో మీ అన్నయ్యగారి దగ్గర ఉంచితే పారిపోయినట్టు అవుతుందా అని.

పంపొచ్చమ్మా. కానీ చెప్పి పంపండి. 2019లో నేను చెప్పకుండా పంపాను.

మాదీ చెన్నైయే, పెరంబూరు. మావాడు అప్పుడు పదో తరగతి. వాడిదీ ఫోన్ గొడవే. కలిసి ఉన్న ముగ్గురిలో ఒకడికి పందొమ్మిదేళ్లు. స్టేషన్ నుంచి వచ్చిన మర్నాడు తెల్లవారకముందే వాణ్ణి సెంట్రల్‌లో రైలెక్కించి, గూడూరులో మా అన్నయ్య ఇంటికి పంపేశాం. వదినకు నిజం చెప్పలేదు. ఒంట్లో బాగాలేదు, గాలి మార్పుకు వస్తున్నాడు అన్నాం. పది రోజులకు పోలీసులు ఇంటికొచ్చి అడిగితే మా ఆయన కంగారులో "ఎక్కడున్నాడో మాకు తెలీదు" అనేశారు. మేనమామ ఇంట్లో అన్నం తింటున్న పిల్లాడు ఆ ఒక్క మాటతో వాళ్ల లెక్కలో పరారైపోయాడు.

ఎఫ్ఐఆర్ లేదంటే కేసు లేదని అనుకోకండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 నాటి నిబంధనల్లో, మైనర్ల మీద ఎఫ్ఐఆర్ రాసేది రెండు సందర్భాల్లోనే. కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోరమైన నేరమైనా అయ్యుండాలి, పెద్దవాళ్లతో కలిసి చేసిందైనా అయ్యుండాలి. మిగతావి స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుని, పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద ఒక నివేదిక జతచేసి, పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. ఎప్పుడు హాజరుపరచాలో తల్లిదండ్రులకు చెప్పాలి. మీకు రావాల్సిన కబురు అదే కావచ్చు. అందుకే ఇంట్లో ఎవరో ఒకరు దొరకాలి, అడిగితే నిజం చెప్పాలి.

మాకు లాయరమ్మ చెప్పాక అర్థమైన సంగతి ఒకటుంది. పిల్లలకు బెయిలు ఇవ్వడమే ఈ చట్టంలో మామూలు పద్ధతి. కాదనడానికి కారణాలు మూడే: నేరస్థుల సావాసంలో పడతాడని, వాడికే ఏదైనా ప్రమాదం ఉందని, న్యాయానికి అడ్డం వస్తుందని. పిల్లాణ్ణి దాచిపెడితే ఆ మూడో కారణాన్ని మనమే చేతికిచ్చినట్టు. అదే మేనమామ ఇంటికి అందరికీ తెలిసేలా పంపితే మొదటి కారణానికి అదే జవాబు. ఊరూ అదే, ఇల్లూ అదే. చెప్పామా దాచామా అన్నదే తేడా.

కాబట్టి ముందు లాయరును కలవండి. డబ్బు గురించి ఆగొద్దు. పిల్లలకు న్యాయ సహాయం ఉచితం, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. తర్వాత లాయరు చేత స్టేషన్‌కు ఉత్తరం పెట్టించండి. అన్నయ్యగారి పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, ఎప్పుడు పిలిచినా మేమే తీసుకొస్తామన్న మాట అందులో ఉండాలి. మీ దగ్గరుండే నకలు మీద ముద్ర, సంతకం వేయించుకోండి. ఈలోపే బోర్డు నుంచి కబురొస్తే మాత్రం బోర్డును అడగకుండా కదిలించకండి.

మేం లాయరు మాట విని వాణ్ణి మేమే వెనక్కి తెచ్చి, కెల్లీస్‌లో బోర్డు ముందు నిలబెట్టాం. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. అన్నయ్య పూచీ ఉంటానని రాసిచ్చాడు. అంతా బాగుందనుకున్నాం. పిల్లాడి ఇంటి పరిస్థితులు కనుక్కునే ప్రొబేషన్ ఆఫీసర్ గూడూరుకు ఫోన్ చేస్తే వదిన ఎత్తి, "ఏ కేసండీ?" అంది. పిల్లాడు ఉండబోయే ఇంటి ఇల్లాలికే విషయం తెలియకపోతే ఆ పూచీని ఎవరు నమ్ముతారు? తర్వాతి వాయిదాకు వదిన తనే వచ్చింది. బయట నన్ను గట్టిగా కోప్పడింది, లోపల మాత్రం "వాడు మా దగ్గరే ఉంటాడు" అంది. ఆమె మాట మీదే వాణ్ణి అప్పగించారని నాకిప్పటికీ అనిపిస్తుంది. మీ వదినగారికి ఈ రోజే చెప్పండి.

ప్రతి వాయిదాకీ రానక్కర్లేకుండా, అవసరమైనప్పుడే రమ్మని బోర్డును అడగొచ్చు. చట్టంలో 91వ సెక్షన్ ఉంది. గరిష్ఠంగా మూడేళ్ల వరకు శిక్ష ఉన్న చిన్న నేరాల్లో విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో తేలకపోతే కేసు ముగిసిపోతుంది. మావాడిది కౌన్సెలింగ్‌తో అయిపోయింది.

స్కూల్ టీసీ విషయంలో తొందరపడకండి. మావాడు ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతాడు కానీ, ఇక్కడి బడిలో తమిళం చదివాడు, తెలుగు రాయడం రాదు. గూడూరులో చేర్పిస్తే పదో తరగతి తెలుగు పేపరు ఎలా రాస్తాడు? టీసీ తీసుకోకుండా సెలవు పెట్టించి, పరీక్షలకు పెరంబూరు తెచ్చుకున్నాం. బడిలో కారణం చెప్పాలా అని భయపడకండి. పిల్లాడు ఎవరో బయటపడేలా వివరాలు ప్రచురించడం నేరం. కేసు ముగిశాక క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసం కూడా పోలీసులు ఆ రికార్డు బయటపెట్టకూడదు.

ఇక బాబుతో మాట్లాడండి. మొదటిసారి పంపినప్పుడు మావాడు అక్కడున్నన్నాళ్లూ బ్యాగు విప్పలేదట. ఏ రోజు బట్టలు ఆ రోజు తీసుకుని, మళ్లీ జిప్ వేసి మంచం కిందికి తోసేవాడట. మళ్లీ పంపేటప్పుడు నేను ఎందుకు పంపుతున్నానో చెప్పాను, వాయిదా ఎప్పుడో, తీసుకురావడానికి ఏ రైలుకు వస్తానో కాగితం మీద రాసిచ్చాను. ఆ రాత్రి వదిన ఫోన్ చేసి, బట్టలు బీరువాలో సర్దుకున్నాడని చెప్పింది.