అమ్మ కొలత ముందు, జిగురు సీసా తర్వాత

చిరంజీవి అమ్మలుకీ, బుజ్జిగాడికీ పెద్దమ్మ ఆశీస్సులు.

మే నెల రెండో ఆదివారం, మదర్స్ డేకి అమ్మకి చేత్తో చేసినదేదైనా ఇవ్వాలని ఉంది, ఏం చేయమంటావు అని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను. అమ్మ కంటపడకుండా లెక్కల పుస్తకంలో దాచుకో.

ముత్యాలు అంటించిన ఫొటో ఫ్రేములు, థర్మకోల్ బొమ్మలు, మెరుపుల పొడి చల్లిన అట్టలు వద్దు. నెల తిరిగేసరికి వాటికి దుమ్ము పడుతుంది. తుడవడానికి వీలుండదు, పారేయడానికి అమ్మకి మనసొప్పదు. మెరుపుల పొడైతే వంటింటి దాకా వెళ్లి గిన్నెల్లో తేలుతుంది. అమ్మ చేతికో, జడకో, పొయ్యి దగ్గరికో పనికొచ్చేది చెయ్యి. అలాంటివి చేయాలంటే ముందు అమ్మ కొలత తెలియాలి. ఎంత బాగా అంటించినా, కుట్టినా, కొలత తప్పితే ఆ వస్తువు బీరువాలోనే ఉండిపోతుంది.

నీకు పదకొండేళ్లు వచ్చాయి కాబట్టి పట్టుదారం గాజులు నీ వంతు. అమ్మ రోజూ వేసుకునే గాజుల్లోంచి ఒకటి, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు తీసి కొలువు. పెళ్లినాటి పాత గాజులు కొలవకు, చెయ్యి అప్పటిలా ఉండకపోవచ్చు. గాజుల సైజు లోపలి వ్యాసాన్ని బట్టి చెబుతారు. 2-4 అంటే రెండు అంగుళాల మీద నాలుగు వీసాలు (వీసం అంటే అంగుళంలో పదహారో వంతు), అంటే రెండుంపావు అంగుళాలు. స్కేలు మీద దాదాపు 5.7 సెంటీమీటర్లు వస్తుంది. 2-6 అయితే 6, 2-8 అయితే 6.35. సైజుకీ సైజుకీ మధ్య తేడా 3 మిల్లీమీటర్లే కాబట్టి స్కేలు కాస్త పక్కకి జరిగినా లెక్క తప్పుతుంది. స్కేలుకి సున్నా ముందు కొంచెం ఖాళీ ఉంటుంది, అందుకని 1 గీత దగ్గర మొదలుపెట్టి, చివర్లో ఆ ఒకటి తీసేయ్. గాజు మధ్యలోంచి వెళ్లే అతి పెద్ద దూరమే వ్యాసం. స్కేలుని అటూ ఇటూ మెల్లగా తిప్పి చూస్తే అది దొరుకుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. దారం చుట్టాక గాజు లోపలివైపు కూడా మందం పెరుగుతుంది. అమ్మది 2-4 అయితే నువ్వు చుట్టడానికి 2-6 గాజులు కొనాలి, 2-6 అయితే 2-8 కొనాలి. ఈ ఒక్క సంగతి తెలియక, చుట్టడమంతా చక్కగా చుట్టి, చివరికి చేతికి ఎక్కని గాజులు చేసేవాళ్లు చాలామంది.

నాన్నతో కలిసి ఫ్యాన్సీ షాపుకి వెళ్లి ఇవి తెచ్చుకో: అర సెంటీమీటరు వెడల్పున్న సాదా ప్లాస్టిక్ గాజులు నాలుగు, ఒకే రంగు పట్టుదారం రీళ్లు రెండు, చిన్న సీసా ఫ్యాబ్రిక్ గ్లూ, 3 లేక 4 మిల్లీమీటర్ల గుండ్రటి కుందన్లు ఒక ప్యాకెట్, గరుకు కాగితం ఒక ముక్క. దారం ఒక రీలు సరిపోయేలా ఉన్నా రెండూ ఒకేసారి కొను. మళ్లీ వెళ్తే అదే పేరుతో ఉన్న రంగు కూడా ఒక ఛాయ తేడాగా వస్తుంది. రంగుని షాపులో ట్యూబులైటు కింద చూసి ఒప్పుకోకు, గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూడు. గాజు రంగు కూడా దారం రంగుకి దగ్గరగా ఉండాలి. ఆకుపచ్చ దారం కింద తెల్ల గాజు ఉంటే ప్రతి సందూ బయటపడుతుంది. మట్టిగాజుల మీద మాత్రం చుట్టకు, బిగించి లాగినప్పుడు విరిగి చేతికి గుచ్చుకుంటాయి. క్షణంలో అంటుకునే జిగురు అసలే వద్దు. వేళ్లు అతుక్కుంటాయి, పట్టు మీద తెల్లటి మచ్చలు పడతాయి.

మొదట గాజుని గరుకు కాగితంతో లోపలా బయటా రుద్ది, పొడిబట్టతో తుడువు. నున్నటి ప్లాస్టిక్ మీద దారం జారిపోతుంది. తర్వాత పరీక్ష అట్ట తీసుకుని దాని పొడుగు వెంట దారం ఇరవై చుట్లు చుట్టి, ఒక్క అంచు దగ్గరే కత్తిరించు. సుమారు 70 సెంటీమీటర్ల పోగులు ఇరవై వస్తాయి. ఒక గాజుకి ఇలాంటి కట్టలు రెండు పడతాయి, ఒక్కోసారి మూడు. అన్నీ కలిపి ఒకే పొడుగు కట్ట చేస్తే పని తొందరగా అవుతుందనిపిస్తుంది కానీ చిక్కు పడి విసుగొస్తుంది. కట్టని ఒకసారి దువ్వెనతో దువ్వి పోగులన్నీ పక్కపక్కన పరుచుకునేలా చెయ్యి.

గాజు లోపలివైపు రెండు మూడు సెంటీమీటర్ల మేర మాత్రమే జిగురు పల్చగా రాయి, బయటివైపు చుక్క కూడా తగలకూడదు. కట్ట కొసని లోపల అంటించి ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు చుట్టడం మొదలుపెట్టు. కట్ట మెలిపడకూడదు. మెలిపడితే తాడులా గుండ్రంగా అయి, పక్కన సందు వస్తుంది. మెలి పడిందనిపిస్తే కట్టని వదిలేసి గాలిలో వేలాడదియ్యి, దానంతటదే విప్పుకుంటుంది. గాజు చుట్టుకొలత లోపల తక్కువ, బయట ఎక్కువ కదా, అందుకని చుట్లు లోపలివైపు ఇరుకై ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, బయటివైపు విచ్చుకుంటాయి. బయట సందు లేకుండా ఉండాలంటే ప్రతి చుట్టూ లోపలివైపు ముందు చుట్టు మీదికి సగం దాకా ఎక్కాలి. ప్రతి నాలుగైదు చుట్లకీ ఆగి, బయటివైపు బొటనవేలి గోరుతో వెనక్కి నెట్టి బిగించు. కట్ట అయిపోతే కొసని లోపలివైపే అంటించి, కొత్తదాన్ని దాని మీద నుంచే మొదలుపెట్టు. పైన ఎక్కడా అతుకు కనపడకూడదు. చివరి కొసని అంటించాక బట్టల క్లిప్పు పెట్టి పది నిమిషాలు ఉంచు. రాత్రంతా నీడలో ఆరనివ్వు.

జిగురు ఎక్కువైతే పట్టులోంచి పైకి పాకి ముదురు రంగు మచ్చ పడుతుంది, ఆరాక గట్టిగా తగులుతుంది. అది పోదు. ఆ భాగం విప్పి మళ్లీ చుట్టుకోవడమే, తుడిస్తే ఇంకా పాకుతుంది. రోజుకి ఒక గాజు చాలు, రెండో గాజుకి వేళ్లు అలిసి చుట్లు వదులవుతాయి.

కుందన్లు రెండు గాజులకే పెట్టు, మిగతా రెండూ సాదాగా ఉండనీ. నాలుగింటికీ పెడితే ఒకదానికొకటి రాసుకుని రాళ్లు ఊడతాయి. రాళ్ల మధ్య దూరం కంటితో కొలిస్తే చివర్లో రెండు రాళ్లు ఇరుక్కుంటాయి. గాజు చుట్టూ ఒక దారం పెట్టి, ఆ పొడుగు కత్తిరించి, మూడుసార్లు మడతపెడితే ఎనిమిది సమభాగాలు. ఆ మడతల దగ్గర దారం మీద గుర్తులు పెట్టి, మళ్లీ గాజుకి చుట్టి చూసి రాళ్లు పెట్టు. జిగురుని చీపురుపుల్ల కొసతో ఆవగింజంత పెట్టి, పావునిమిషం ఆగి, రాయిని పుల్లకి ఇంకో కొసన తడి చేసి ఎత్తి దించు. కుందన్లు పెట్టేటప్పుడు బుజ్జిగాడు గదిలో ఉండకూడదు. ఐదేళ్ల పిల్లాడు వాటిని నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటాడు.

వాడికి వేరే పని ఉంది: గాజులు పెట్టే అట్టపెట్టె మీద బెండకాయతో పువ్వుల ముద్రలు వేయడం. కాస్త ముదిరిన బెండకాయని ముచ్చిక దగ్గర రెండంగుళాలు ఉంచి నువ్వు కోసివ్వు. కోసిన వెంటనే ముద్ర వేస్తే జిగట వల్ల రంగు పాకుతుంది, పావుగంట ఆరనివ్వాలి. పోస్టర్ కలర్ నీళ్లు కలపకుండా చిక్కగా, మడతపెట్టిన తడిగుడ్డ మీద పొయ్యి. బెండకాయ ఆ గుడ్డకి అద్ది, పెట్టె మీద నిటారుగా నొక్కి నిటారుగా ఎత్తాలి. పక్కకి జరిపితే పువ్వు చెరుగుతుంది. ముచ్చిక వాడి గుప్పిట్లో బాగా ఇముడుతుంది. ముద్రలు వంకరగా పడ్డా నువ్వు దిద్దకు. పని వాడిదని అమ్మకి తెలియాలి.

గాజులకి టైము చాలదనుకుంటే, లేదా అమ్మ గాజులు పెద్దగా వేసుకోకపోతే, వేడి గిన్నెలు పట్టుకునే మసిగుడ్డలు కుట్టు. మీ నాయనమ్మగారు మసిబట్ట అంటారు, అదే. దీనికి కొత్త గుడ్డ కన్నా పాత నూలు చీర మంచిది. ఉతికి ఉతికి కుంచించుకుపోయేదంతా కుంచించుకుపోయి ఉంటుంది, రంగూ దిగదు. అయితే బీరువాలోంచి నీ అంతట నువ్వు తీసి కత్తిరించకు. ఏ పాత చీర వెనక ఏ జ్ఞాపకం ఉందో నీకు తెలియదు, అమ్మమ్మని అడిగి తెచ్చుకో. నూలు అవునో కాదో నాన్న చేత ఒక పోగు కాల్పించి చూడు. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. కరిగి నల్లటి గట్టి పూసలా అయితే అది పాలిస్టర్, వేడి గిన్నెకి తగిలితే అమ్మ చేతికి అంటుకుంటుంది. స్పాంజి కూడా లోపల పెట్టకూడదు. లేసులు, కుచ్చులు గ్యాస్ మంటకి అందుతాయి, అవీ వద్దు.

ఒక్కో గుడ్డకి 20 సెంటీమీటర్ల చదరం చీరముక్కలు రెండు, పాత టర్కీ టవల్‌లోంచి 17 సెంటీమీటర్ల ముక్కలు రెండు కత్తిరించు. చీరముక్కల మంచివైపులు లోపలికి వచ్చేలా పెట్టి, అంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలి మూడువైపులా కుట్టి, దిండు గలీబులా తిరగెయ్యి. టవల్ ముక్కలు లోపల పెట్టి, నాలుగో వైపు మడిచి కుట్టు. మూలలో పది సెంటీమీటర్ల నూలు టేపు మడిచి పెడితే మేకుకి తగిలించుకోవచ్చు. తర్వాత బొంతకి వేసినట్టు పొరలన్నీ కలిపి కుట్టు వెయ్యి: మధ్యలో ఒక వరస వేసి అక్కడి నుంచి అంచుల వైపు, రెండు సెంటీమీటర్లకో వరస. అంచు నుంచి మొదలుపెడితే టవల్ ఒకవైపుకి ముద్దకడుతుంది. దారం నూలుదే, రెండు పేటలు, మూరన్నరకి మించితే చిక్కులు పడుతుంది. టవల్ మూడు పొరలు పెడితే ఇంకా మంచిదని అనుకోకు, గిన్నె అంచు పట్టుకి దొరక్క జారుతుంది. ఎప్పుడూ రెండు గుడ్డలు చేసివ్వాలి. తడిసిన గుడ్డలోంచి వేడి చటుక్కున చేతికి వస్తుంది, అందుకే ఒకటి ఆరుతుంటే రెండోది వాడుకోవాలి.

ఆదివారం సాయంత్రానికి మాత్రం ఇవన్నీ ఉన్నా లేకున్నా మల్లెపూలు కట్టు. మే నెల మల్లెల కాలం, అమ్మ జడకి ఒక జానెడు మాల చాలు. మధ్యాహ్నం మొగ్గలు తెప్పించుకో. తెల్లగా నిండుగా ఉన్నవి సాయంత్రానికి విచ్చుతాయి, పచ్చగా సన్నగా ఉన్నవి విచ్చవు. అరటినార దొరికితే నీళ్లలో నానబెట్టు, లేకపోతే మందపాటి తెల్ల నూలుదారం తడిపి పిండు. తడి దారం జారదు. సన్నటి నైలాన్ దారం కాడల్ని కోసేస్తుంది.

రెండు మొగ్గల తలలు ఎడమవైపు, రెండిటి తలలు కుడివైపు ఉంచి, కాడలు మధ్యలో ఒకదాని మీద ఒకటి పడేలా పట్టుకో. దారం ఒక చుట్టు చుట్టి, ఉచ్చు వేసి, దాన్ని కాడల మీదికి దించి లాగు. కాడ నలిగే ముందు ఆగాలి. గట్టిగా లాగితే తలలు తెగుతాయి, వదిలేస్తే జడలో పెట్టగానే రాలతాయి. తర్వాతి నాలుగూ దానికి ఆనుకునే రావాలి. మొదటి వరసలు వదులుగా వస్తాయి కాబట్టి ముందు రోజు నాలుగు నందివర్ధనం మొగ్గలతో అలవాటు చేసుకో. కట్టాక తడిగుడ్డలో చుట్టి చల్లటి చోట ఉంచు. నీళ్లు చిలకరిస్తే మొగ్గలు ఎర్రబారతాయి. చేత్తో మాటిమాటికీ సర్దినా అంతే.

ఇవ్వకముందే బల్ల మీద జిగురు, కత్తిరించిన పోగులు, రంగు గుడ్డ అన్నీ మీరిద్దరే తీసి శుభ్రం చేయండి. పెట్టెలో చిన్న చీటీ పెట్టు: ఎవరు ఏది చేశారో, తేదీ, కింద "గాజులు తడపకూడదు, స్నానానికీ అంట్లకీ తీసేయాలి" అని. అవి పేరంటాలకీ పెళ్లిళ్లకీ వేసుకునేవి. ఎప్పుడైనా పోగు లేస్తే అమ్మ దాన్ని లాగకముందే నువ్వు తీసుకుని, లోపలివైపు పుల్లతో చుక్క జిగురు పెట్టి క్లిప్పు బిగించు. అందుకోసం మిగిలిన దారం పారేయకుండా ఒక అట్టముక్కకి చుట్టి ఉంచు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ